వీడియోలో చూపించని సగం

"తీసింది నువ్వా, కాదా? ముందది చెప్పు."

కండక్టరమ్మ గొంతు పెంచలేదు. పంతొమ్మిదేళ్ళు కిక్కిరిసిన బస్సులో "జరగండి, ముందుకి జరగండి" అని అరిచిన గొంతు అది. నాలుగు డోసుల కీమోతో బొంగురుపోయింది. అయినా ఆ మాటకి వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. టీవీ ఛానల్లో కెమెరామన్ అతను. డ్యూటీకని చెప్పులేసుకుంటుండగానే అక్క ఆపేసింది. మెడలో గుర్తింపు కార్డు అటూ ఇటూ ఊగుతోంది.

"నేనే తీశానక్కా. నువ్వే కదా తియ్యమన్నావు?"

"డాక్టరుకి చూపించడానికి తియ్యమన్నాను. ఊరందరికీ వెయ్యమన్నానా?"

మూడు రోజులుగా ఆ ఛానల్లో ప్రతి సాయంత్రం ఒకటే చర్చ. 'కీమో: వైద్యమా, విషమా?' అని తెరమీద ఎర్రటి అక్షరాలు. చర్చ మొదలయ్యే ముందు ఇరవై సెకన్ల వీడియో. తలమీద ఒక్క వెంట్రుక లేని ఆడమనిషి నీలం బకెట్ మీదికి వంగి, కడుపులో పేగులు నోట్లోకి వస్తున్నట్టు కక్కుకుంటూ ఉంటుంది. ఒళ్ళంతా వణుకు. మొహం మాత్రం మసగ్గా ఉంటుంది. 'ఈ అభాగ్యురాలు ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు' అని వెనక నుంచి యాంకర్ గొంతు.

"మొహం కనపడనివ్వలేదు కదే," అంది అమ్మ, తడిచేతులతో బయటికొస్తూ.

"మొహం మసకేశారు. బకెట్టుకి మసకెయ్యలేదు. పిడి విరిగితే తాడు కట్టిన నీలం బకెట్టు ఎవరిదో ఈ వీధిలో ఎవరికి తెలియదమ్మా? పక్కింటావిడ పొద్దున్నే వచ్చి నా చెయ్యి తడిమి చూసింది, ప్రాణంతో ఉన్నానా లేదా అని."

తమ్ముడికి నవ్వొచ్చింది. అక్క కళ్ళు చూసి మింగేశాడు.

అప్పుడే ఆమె భర్త వచ్చాడు. వీధి చివర సెలూన్ అతనిది. భుజంమీద తువ్వాలు అలాగే ఉంది.

"ఇదేంటి, తొమ్మిదన్నా కాకుండానే?" అంది కండక్టరమ్మ.

"కొట్టు మూసేశాను."

"మూసేశారా?"

"ఒకాయనకి గడ్డం గీస్తున్నాను. టీవీలో రాత్రి చర్చ మళ్ళీ వేస్తుంటే నీ బొమ్మొచ్చింది. 'ఈవిడ మొగుడెవడో గానీ మనిషి కాదు, చేజేతులా విషం ఎక్కించాడు' అన్నాడు." అతను తువ్వాలు తీసి కుర్చీమీద వేశాడు. "ఆ మొగుణ్ణి నేనేనని చెప్పాను. సగం గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు."



అతను బావమరిది వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. భార్య జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతున్న రోజు అతనే కొట్టుకి తీసుకెళ్ళి, తలుపులు దగ్గరికేసి, చిన్నపిల్లకి చేసినంత మెల్లగా గుండు చేశాడు. ఆరోజు కూడా ఇలాగే ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

"వాడిమీద అరిస్తే ఏమొస్తుంది?" అంది అమ్మ. "నెలాఖరుకి వాడి కాంట్రాక్టు అయిపోతుంది. ఇప్పుడు గొడవ చేస్తే ఇక పొడిగించరు. జరిగిందేదో జరిగిపోయింది, వదిలెయ్యండి."

"కాంట్రాక్టు కోసం ఇవ్వలేదమ్మా!" తమ్ముడి గొంతు ఒక్కసారిగా పగిలింది. "నాకు భయమేసింది. రెండో డోసప్పుడు అక్క అలా పడిపోయి ఉంటే, ఇది వైద్యం కాదు, మనిషిని చంపుతున్నారనిపించింది. ఆఫీసులో ఆ మాటే అన్నాను. వీడియో ఉందా అన్నారు. చూపించాను. పదిమందీ చూసి అడిగితే అక్క కూడా మానేస్తుందేమో అనుకున్నాను."

"అనిపిస్తే నాతో చెప్పాలి," అంది కండక్టరమ్మ. "మానెయ్యి అక్కా అని నా ఎదురుగా కూర్చుని అనాలి. నేను విననో, తిడతానో, అది మనిద్దరి మధ్య. నువ్వు నాతో తప్ప అందరితో చెప్పావు."

తమ్ముడు తలొంచుకున్నాడు. "మొత్తం వీడియో ఇచ్చానక్కా. వాళ్ళే కత్తిరించి ఇన్నాళ్ళకి వేశారు."

"ఓహో! అందుకు నీకు దండెయ్యాలా?"

అతను చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

పది నిమిషాలకి ఆస్పత్రి నుంచి ఫోను. కీమో గదిలో ఉండే నర్సు.

"మీ రక్తపరీక్ష బాగానే వచ్చిందమ్మా. సోమవారం వాయిదా వేసిన అయిదో డోసు రేపు పొద్దున ఎనిమిదింటికి, వచ్చెయ్యండి. అన్నట్టు, మీ పక్క కుర్చీలో కూర్చునే డ్రాయింగ్ టీచర్ మీకేమైనా ఫోన్ చేశారా? సోమవారం మూడో డోసుకి రాలేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తట్లేదు. డాక్టరుగారు కంగారుపడుతున్నారు."

సోమవారం. టీవీలో చర్చ మొదలైంది ఆదివారం సాయంత్రం.

కండక్టరమ్మ ఫోను పెట్టేసి తలకి గుడ్డ చుట్టుకుంది. మూతికి మాస్కు తగిలించుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"ఒక మనిషిని చూసొస్తాను."

"జనంలో తిరగొద్దన్నారు కదా డాక్టరు."

"బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాను లెండి. పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాను, ఆ మాత్రం సీటు నాకివ్వరా?"

*

డ్రాయింగ్ టీచర్ ఇల్లు గేటు నుంచే తెలుస్తుంది. గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు. ఏనుగుకి ఆరు కాళ్ళు, సూర్యుడికి మీసాలు. ఒక్కదాన్నీ ఆమె దిద్దలేదు.

తలుపు తీసింది ఆమె భర్త. పెద్దమనిషి, మెత్తటి మనిషి. చేతిలో ఆకుపచ్చటి రసం గ్లాసు.

"రండమ్మా, కూర్చోండి. మీకూ ఒక గ్లాసు తెమ్మంటారా? ఆయన పుస్తకంలో ఎలా ఉందో అలాగే చేస్తున్నాను. రోజుకి మూడుసార్లు."

ఎవరా ఆయన అని కండక్టరమ్మ అడగనక్కర్లేదు. రోజూ సాయంత్రం ఆ టీవీ చర్చలో కూర్చుని మెత్తగా మాట్లాడే ఆహార గురువు పుస్తకం బల్లమీదే ఉంది.

టీచర్ మంచంమీద దిండుకి ఆనుకుని ఉంది. కిందటిసారి చూసినప్పటికంటే బుగ్గలు లోపలికి పోయాయి. నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

"సోమవారం రాలేదేం?" అంది కండక్టరమ్మ మంచం అంచున కూర్చుంటూ. "మీ కుర్చీలో ఎవరో గురకపెట్టే ఆయన్ని కూర్చోబెట్టారట. రేపు నాకు ఆయన పాటకచ్చేరీ తప్పేలా లేదు."

"ఇంక రానండీ. మానేశాను."

"ఎందుకని?"

టీచర్ భర్త వైపు చూసింది. ఆయన గ్లాసులోకి చూశాడు.

"టీవీలో ఒకావిణ్ణి చూపించారు," అంది టీచర్ నెమ్మదిగా. "బకెట్ పట్టుకుని... మీరు చూశారో లేదో. అది చూశాక నిద్ర పట్టలేదు. రెండు డోసులకే నాకిలా ఉంది. ఆరయ్యేసరికి నేనూ అంతే కదా అనిపించింది. ఆవిడ పోయిందట కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"ఏమైందో తెలియదన్నారు. అంటే పోయినట్టే కదా?"

కండక్టరమ్మ మాస్కు కిందకి లాగింది. తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆవిణ్ణి నేనే."

గ్లాసులో రసం తొణికి నేలమీద పడింది.

"నేనేనండీ. ఆ బకెట్టు నాది. అది నా రెండో డోసు. ఆ తర్వాత ఇంకో రెండు పడ్డాయి. గడ్డ సగానికి సగం తగ్గిందని మొన్న స్కానులో తేలింది. పోలేదు. ఇదిగో, బస్సెక్కి మీ ఇంటికొచ్చాను."

టీచర్ చెయ్యి చాపి ఆమె నున్నటి తలని తాకింది.

"చాలా కష్టంగా ఉంటుందండీ," అంది, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"ఉంటుంది. నోరంతా పుళ్ళు. నీళ్ళు తాగితే ఇనుము రుచి. ఆ మాట అనడానికి సిగ్గెందుకు? కష్టమని ఏడవండి, నేనూ ఏడుస్తాను. కానీ ఏడుస్తూనే వెళ్దాం."

టీచర్ భర్త గొంతు సవరించుకున్నాడు. "మీకు పడిందమ్మా. అందరి ఒళ్ళూ ఒకటి కాదు. ఈవిణ్ణి అలా చూసి నేను తట్టుకోలేను. దయచేసి మా ఆవిడ మనసు మార్చకండి."

ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి కండక్టరమ్మకి కోపం రాలేదు. పొద్దున తమ్ముడి కళ్ళల్లోనూ ఇవే నీళ్ళు. ఇంతమంది ప్రేమగా భయపడుతుంటే, ఆ భయాన్ని రోజూ సాయంత్రం ఒక గంటసేపు ఊదుతున్నదెవరు? ఆ కోపం మాత్రం అరికాలి నుంచి వచ్చింది.

గేటు దాటగానే తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఈ సాయంత్రం చర్చలో నాకొక కుర్చీ వెయ్యమను."

"అక్కా, వాళ్ళు ఒప్పుకోరు."

"వీడియోలో ఉన్నది నేనేనని చెప్పు. పరిగెత్తుకుంటూ వచ్చి ఒప్పుకుంటారు."

*

పరిగెత్తుకుంటూనే ఒప్పుకున్నారు. కారు పంపారు. మొహానికి పౌడరు రాయబోతే వద్దంది. తలకి ఆ గుడ్డ తీసేస్తే బాగుంటుందని ప్రొడ్యూసర్ మెల్లగా సూచిస్తే, అది ఎప్పుడు తియ్యాలో నాకు తెలుసంది.

స్టూడియో బయట నుంచి చూసినంత పెద్దది కాదు. బల్ల, నాలుగు కుర్చీలు, కళ్ళు చెదిరే లైట్లు. రెండు కెమెరాలు. ఒకటి ఎత్తుమీద కదలకుండా బిగించి ఉంది. రెండోదాని వెనక తమ్ముడు. చెవులకి హెడ్‌ఫోన్లు. అక్క వైపు కాకుండా కెమెరా తెరలోకే చూస్తున్నాడు.

ఒక పక్క ఆహార గురువు, ఇంకో పక్క ఒక క్యాన్సర్ డాక్టరు. డాక్టరు శాతాలు చెప్తున్నాడు. ఆయన చెప్పేది నిజమే కావచ్చు గానీ, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గురువు మాత్రం ఇంట్లో మనిషిలా మాట్లాడుతున్నాడు.

"నేనెవరినీ మానెయ్యమని చెప్పను తల్లీ. ఒక్కసారి ఆలోచించమంటాను, అంతే."

"మీరు ఆలోచించమన్నారు. ఒకావిడ ఆలోచించి మానేసింది," అంది కండక్టరమ్మ. "రేపు ఆవిడకేమన్నా అయితే 'నేను ఆలోచించమన్నానంతే' అని వాళ్ళింటికెళ్ళి చెప్తారా?"

"శరీరానికి తనను తాను బాగుచేసుకునే శక్తి ఉందమ్మా."

"నా శరీరానికీ అంత శక్తి ఉందనుకున్నాను. గడ్డ తగిలాక ఎనిమిది నెలలు దానికే వదిలేశాను. అది బాగుచేసుకోలేదు. గడ్డనే పెద్దది చేసుకుంది."

యాంకర్ మధ్యలో దూరాడు. "కానీ మీరు పడ్డ నరకం రాష్ట్రమంతా చూసింది కదా. ఆ బాధని కాదంటారా?"

"ఎందుకు కాదంటాను? పడింది నేను. ఆ రోజు పదకొండుసార్లు వాంతులయ్యాయి. డాక్టరుగారూ, మీరు కూడా వినండి. మొదటి డోసుకి ముందు మీలాంటివాళ్ళు నాకేం చెప్పారో తెలుసా? 'కొంచెం వికారంగా ఉంటుంది' అన్నారు. కొంచెమా? ఎంత ఉంటుందో, అప్పుడేం చెయ్యాలో ముందే చెప్పొచ్చు కదా. మీరు సగం దాస్తే, ఇదిగో, వీళ్ళు మిగతా సగం దాచుకుని బతుకుతున్నారు."

డాక్టరు నెమ్మదిగా తలూపాడు. "నిజమే. చెప్పాలి," అన్నాడు. ఆ సాయంత్రం ఆయన మాట్లాడినదాంట్లో అందరికీ అర్థమైంది ఆ రెండు ముక్కలే.

"ఆ వీడియో ఎందుకు తీశారో తెలుసా?" కండక్టరమ్మ తల గుడ్డ విప్పింది. "డాక్టరుకి చూపించడానికి. చూశాక వాంతుల మందు మార్చారు. మూడో డోసుకి రెండేసార్లయ్యాయి. నాలుగోదానికి ఒక్కసారి. మరి అవి మీరు చూపించలేదేం? నేను టీ తాగుతుంటే చూడ్డానికి జనం రారా?"

తమ్ముడి చెవిలో ప్రొడ్యూసర్ అరుపు మొదలైంది. గురువు మీదికి తిప్పు, తిప్పమంటుంటే! అతను తిప్పలేదు. అక్క మొహం మీదే ఉంచాడు.

"తగ్గిపోతుందని నేను పందెం కాయట్లేదు," అంటోంది ఆమె. "ఏ డాక్టరూ నాకు మాటివ్వలేదు. రేపు ఇంకేదన్నా జరగొచ్చు. కానీ కీమో కొనసాగించాలో మానాలో తేల్చుకోవాల్సింది నేను, నా డాక్టరు. నన్ను బొమ్మలా చూపించి ఇంకొకరిని మాన్పించే హక్కు మీకెవరిచ్చారు?"

యాంకర్ మొహంలో నవ్వు పోయింది. అయినా అతను ఆ కుర్చీలో ఊరికే ఎదగలేదు.

"హక్కు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఆ వీడియో మేము దొంగిలించలేదు. మీ ఇంట్లోవాళ్ళే ఇచ్చారు. ఎవరిచ్చారో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"



కండక్టరమ్మ నోరు విప్పలేదు. పొద్దున ఇంట్లో వాణ్ణి ఎంతన్నా అంది. ఇక్కడ, ఈ లైట్ల కింద, వీళ్ళ ముందు తమ్ముణ్ణి ఒక్క మాట అననివ్వదు.

"చెప్పరా?" అన్నాడు యాంకర్.

"నేను చెప్తాను," అని కెమెరా వెనక నుంచి వినిపించింది.

తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసి కెమెరాకి తగిలించాడు. నేలమీద వైర్లు దాటుకుంటూ వెలుతురులోకొచ్చాడు. అతను వదిలేసిన కెమెరా అక్క మొహాన్ని అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఇచ్చింది నేను. ఈవిడ తమ్ముణ్ణి. నేనిచ్చింది నిమిషంన్నర. మీరు వేసింది ఇరవై సెకన్లు. మిగతాది ఇదిగో."

అతను ఫోను తీసి అక్క చీరకున్న మైకు దగ్గర పెట్టాడు. ముందు దగ్గు వినిపించింది. నీళ్ళు పుక్కిలించిన చప్పుడు. తర్వాత ఆమె గొంతు, ఆయాసపడుతూ.

"చూశారుగా డాక్టరుగారూ. ఈ మాత్ర నాకు పనిచెయ్యట్లేదు. మార్చండి. నేను మాత్రం మానను." ఒక్క క్షణం ఆగి, "ఏడవకురా సన్నాసీ, ఫోన్ కదులుతోంది," అంది వీడియోలోని ఆమె.

కుర్చీలో ఉన్న ఆమె చటుక్కున తమ్ముడి చెయ్యి పట్టుకుంది. ఆ మాట అన్నట్టే ఆమెకి గుర్తులేదు.

తెరమీద సబ్బు ప్రకటన వచ్చేసింది.

*

తమ్ముడి గుర్తింపు కార్డు లిఫ్టు దగ్గరే తీసేసుకున్నారు. ప్రొడ్యూసర్ కోప్పడలేదు కూడా. "రేపట్నుంచి రానక్కర్లేదు," అని మర్యాదగా చెప్పాడు.

కింద స్కూటర్ దగ్గర ఇద్దరూ కాసేపు ఊరికే నిలబడ్డారు. ఏడున్నర. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

"అమ్మ చంపేస్తుంది," అన్నాడు తమ్ముడు.

"నిన్ను కాదు, నన్ను. పొద్దున్నుంచీ ముద్ద మింగలేదు నేను."

ఆమె సంచిలో ఫోను మోగింది. డ్రాయింగ్ టీచర్. గొంతు గుసగుసగా ఉంది.

"చూశానండీ. మొత్తం చూశాను. రేపు మీతో వస్తాను. మళ్ళీ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో డాక్టర్నే అడుగుతాను. కానీ నా ఫైలు ఈయన బీరువాలో పెట్టి తాళం వేసేశారు. రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. తాళంచెవి జేబులో వేసుకుని, నేను చచ్చాక తీసుకెళ్ళు అని కూర్చున్నారు. అరవట్లేదండీ. ఏడుస్తున్నారు. అరిస్తే ఎలాగో..."

అవతల ఏదో పెనుగులాట. ఆపైన ఆయన గొంతు. "అమ్మా, మీకు దండం పెడతాను. ఇంక మా ఆవిడతో మాట్లాడకండి." లైను తెగిపోయింది.

కండక్టరమ్మ మాస్కు సరిచేసుకుని స్కూటర్ వెనక కూర్చుంది.

"ఇంటికేనా?" అన్నాడు తమ్ముడు.

"కాదు. నేను దారి చెప్తాను, పద."

"అక్కా, పొద్దున్నే నీకు డోసుంది. పడుకోవాలి నువ్వు."

"పడుకుంటాను. రైట్ రైట్."

టీచర్ ఇంటి గోడమీది బొమ్మలు వీధి దీపం వెలుతురులో మసగ్గా కనిపిస్తున్నాయి. కిటికీలో లైటు వెలుగుతోంది. తెర పక్కన ఒక మనిషి నీడ. కండక్టరమ్మ గేటు తీసుకుని లోపలికి నడిచి బెల్లు నొక్కింది.

లోపల లైటు ఆరిపోయింది.

తమ్ముడు గేటు దగ్గరే ఆగిపోయి, "వెళ్ళిపోదామక్కా," అన్నాడు.

ఆమె మళ్ళీ నొక్కింది. ఈసారి వేలు తియ్యలేదు.